ఒకే మాట, రెండు కొలతలు

అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువాళ్ళకు ‘కాంపిటెన్సీ’ అన్న మాట కొత్త కాదు. ఏడాది చివర మేనేజరు నింపే ఫారంలో అదొక గడి. ఇదే మాట భాషాశాస్త్రంలోనూ ఉంది. అయితే రెండుచోట్లా దాని అర్థం ఒకటి కాదు. చాలావరకు ఎదురెదురు.

నోమ్ చామ్‌స్కీ 1965లో వెలువరించిన ‘ఆస్పెక్ట్స్ ఆఫ్ ది థియరీ ఆఫ్ సింటాక్స్’లో కాంపిటెన్స్‌నూ పర్ఫార్మెన్స్‌నూ విడదీశాడు. మొదటిది తన భాష గురించి మనిషికి లోపల ఉన్న జ్ఞానం. రెండోది ఆ జ్ఞానంతో నిజంగా మాట్లాడటం. అలసట, మరుపు, తడబాటు రెండోదానికి చెందుతాయి. తడబడినంత మాత్రాన తెలియదని కాదు. బడి మెట్లెక్కని రైతుకూ ఈ సామర్థ్యం ఉంది. “నేను వచ్చాను” అనాలే గాని “నేను వచ్చాడు” అనకూడదని ఆయనకు ఎవరూ పాఠం చెప్పలేదు.

ఈ వాదంలో లోటు లేకపోలేదు. చామ్‌స్కీ ఊహించింది అందరూ ఒకే తీరుగా మాట్లాడే సమాజాన్ని. అలాంటి ఊరు శ్రీకాకుళం జిల్లాలోనూ లేదు, చికాగో పక్కనా లేదు. డెల్ హైమ్స్ 1972 నాటి వ్యాసంలో ఈ లోటునే పట్టుకున్నాడు. ఎవరితో, ఎప్పుడు, ఎలా మాట్లాడాలో తెలియడం కూడా సామర్థ్యమే అన్నాడు. సెలవు తీసుకుంటూ “వెళ్తాను” అన్నా వ్యాకరణం ఊరుకుంటుంది. “వెళ్ళొస్తాను” అనాలని చెప్పేది ఇంటి పద్ధతి.

ఇక ఉద్యోగాల లోకంలో ఈ మాటకు బలం చేకూర్చింది, హార్వర్డ్ మనస్తత్వశాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ 1973లో రాసిన వ్యాసం. తెలివితేటల పరీక్షల మీద ఆధారపడకుండా, పని బాగా చేసేవాళ్ళు ఏం చేస్తున్నారో చూడమన్నాడాయన. ఉద్దేశం మంచిదే. కానీ కంపెనీల చేతుల్లో అది ఒక జాబితాగా మిగిలింది. కనిపించిందే సామర్థ్యం, కనిపించనిది లేనట్టే. చామ్‌స్కీ పర్ఫార్మెన్స్ అన్నదానికే ఇక్కడ కాంపిటెన్సీ అని పేరు. ‘కమ్యూనికేషన్’ గడిలో తక్కువ అంకె పడిన తెలుగు ఇంజనీరుకు లేనిది ఏమిటి? ఆలోచనా, ఇంగ్లీషా, మీటింగులో మాట అందుకునే అలవాటా? గడి ఆ సంగతి చెప్పదు.

ఈ కొలబద్ద మీద మనకు కోపం ఉంది, న్యాయమే. మరి ఇంట్లో మనం వాడుతున్నది ఏది? ఫోనులో అమ్మమ్మ చెప్పిందంతా అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లను “దానికి తెలుగు రాదు” అనేస్తాం. అర్థం తెలియకుండా నలుగురి ముందూ పద్యం అప్పజెప్పిన పిల్లవాణ్ణి మెచ్చుకుంటాం. వినడం మాట్లాడటంతో సమానమని నేననను. వాడని భాష అరిగిపోతుంది కూడా. కానీ ఉన్నదాన్ని లేదని తేల్చేస్తే, ఆ ఉన్న కాస్తా బయటికి రాదు. అలాంటి పిల్లను ముందు “అమ్మమ్మ ఏమంది?” అని అడగాలి. “ఏదీ, తెలుగులో మాట్లాడు” అన్నది ఆ తర్వాత.