ఫ్యాక్టరీకి దారి ఎవరు వేశారు?

కార్మికుడి కొడుకు కార్మికుడే ఎందుకవుతాడు? 1970లలో రెండు పుస్తకాలు ఈ ప్రశ్నను రెండు వైపుల నుంచి పట్టుకున్నాయి. ఒకటి ఫ్రాన్స్‌లో సమాజశాస్త్రవేత్తలు పియర్ బూర్ద్యూ, జాన్-క్లోద్ పాసెరాన్ కలిసి 1970లో తెచ్చిన 'లా రెప్రొడక్సియోఁ'. రెండోది ఇంగ్లండ్‌లో పాల్ విల్లిస్ 1977లో రాసిన 'లెర్నింగ్ టు లేబర్'.

బూర్ద్యూ లెక్కలో బడి తక్కెడ ముందే ఒకవైపు మొగ్గి ఉంటుంది. పుస్తకాలు, నాటకాలు, తడుముకోకుండా మాట్లాడే భాష పెద్దింటి పిల్లలకు ఇంట్లోనే అబ్బుతాయి. ఆయన సాంస్కృతిక పెట్టుబడి అన్నది దీన్నే. బడి దాన్ని నేర్పదు, పరీక్షలో మాత్రం అడుగుతుంది. చెమటోడ్చి చదివినవాడిని 'కష్టజీవి' అంటుంది, అలవోకగా మాట్లాడినవాడిని ప్రతిభావంతుడంటుంది. చివరికి శ్రామికుడి బిడ్డ 'ఈ చదువులు మనకెందుకులే' అని తానే తప్పుకుంటాడు. గెంటినవాడెవడో కనిపించడు.

వాదన గట్టిదే. కానీ పుస్తకంలో ఒక్క పిల్లాడూ నోరు విప్పి మాట్లాడడు. మొదటి భాగమంతా అంకెలు వేసిన సూత్రాలు, వాటికి వ్యాఖ్యానాలు, చదువుతుంటే ఊపిరాడదు. పైగా పల్లెటూరి పోస్టాఫీసు ఉద్యోగి కొడుకైన బూర్ద్యూ 1981లో కొలేజ్ ద ఫ్రాన్స్ ఆచార్యుడయ్యాడు. ఇలాంటి కొద్దిమంది పైకి రావడం వల్లే బడి న్యాయమైనదని జనం నమ్ముతారని ఆయన సిద్ధాంతం సర్దిచెబుతుంది. ఆ కొద్దిమంది ఎలా ఈదుకొచ్చారో మాత్రం చెప్పదు.

విల్లిస్ పుస్తకం నిండా మాటలే. 'హామర్‌టౌన్' అని మారుపేరు పెట్టిన ఊళ్లో 12 మంది కుర్రాళ్ల వెంట తిరిగాడాయన. క్లాసులో కుర్చీలు బరబరా లాగడం, గేటు దగ్గర సిగరెట్లు కాల్చడం, చెప్పిన మాట వినే పిల్లలను 'ఇయర్‌హోల్స్' అని ఏడిపించడం వాళ్ల దినచర్య. ఆ అల్లరి అడుగున విల్లిస్‌కు ఒక తెలివైన లెక్క కనిపించింది: అందరూ సర్టిఫికెట్లు తెచ్చుకున్నంత మాత్రాన మంచి ఉద్యోగాలు పెరగవు, ఒకడు పైకెక్కొచ్చు గానీ వర్గమంతా ఎక్కలేదు. టీచర్లు చెప్పని నిజమిది. అయితే ఇంత చూసినవాళ్లే ఒంటి కష్టం మగవాడి పని, కాగితాల పని ఆడవాళ్లదని నమ్మారు. మీసం మెలేసి మరీ ఫ్యాక్టరీలో చేరారు. వాళ్ల ధిక్కారమే వాళ్లను వ్యవస్థ చేతికి అప్పజెప్పింది. ఇంత సూటిగా ఈ మెలికను పట్టి చూపించినవారు అరుదు; 1984లో సమాజశాస్త్రవేత్త ఆంథొనీ గిడెన్స్, సమాజం మనుషుల్ని మలిస్తే మనుషుల చేతలే ఆ సమాజాన్ని నిలబెడతాయనే తన నిర్మాణ-కర్తృత్వ సిద్ధాంతానికి ఈ కుర్రాళ్లనే ఉదాహరణగా తెచ్చుకున్నాడు.

అలాగని విల్లిస్‌కు మార్కులన్నీ వేసేయలేం. ఆ మగతనం కింద నలిగిన ఆడపిల్లల మాటేమిటని స్త్రీవాద పరిశోధకురాలు ఏంజెలా మెక్‌రాబీ 1980లో నిలదీసింది, న్యాయమైన ప్రశ్న. బుద్ధిగా చదివినా ఎటూ చేరని ఇయర్‌హోల్స్ సంగతి ఆయనకు అంతగా పట్టలేదు. వాళ్ల గురించి తెలియాలంటే మళ్లీ బూర్ద్యూ గడప తొక్కాల్సిందే.

మరో లోపాన్ని కాలమే బయటపెట్టింది. 1980లలో ఇంగ్లండ్ పారిశ్రామిక పట్టణాల్లో ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డాయి. తర్వాతి కుర్రాళ్లూ బడిలో అదే పొగరు చూపించారనుకుందాం, చేరడానికి పనేది? ఆ 12 మంది ధీమా వెనక, అడగ్గానే దొరికే కూలి ఉంది. విల్లిస్ వాదన దాన్ని ఎప్పటికీ ఉండేదానిలాగే లెక్కలో వేసుకుంది.