చాకు మూసుకునే చప్పుడు

మంచి మడతచాకు మూసుకుంటూ రెండుసార్లు పలుకుతుంది. బ్లేడు సగం వంగాక టక్కుమని ఒకసారి ఆగుతుంది. ఇంకాస్త నెడితే పిడిలోకి జారి, మళ్లీ టక్కుమంటుంది. అమెరికాలో పాత చాకులు సేకరించేవాళ్లు దీన్ని 'వాక్ అండ్ టాక్' అంటారు. నడక అంటే బ్లేడు తిరిగే తీరు, మాట అంటే ఈ చప్పుడు. ఈ సంగతి నాకు మొదట చెప్పింది పశ్చిమ పెన్సిల్వేనియాలో ఆదివారం పాత సామాన్ల సంతలో బల్ల వేసుకుని కూర్చునే ఒక పెద్దాయన. నేను ఒక చాకు తీసి ధర అడిగితే ఆయన ధర చెప్పలేదు. "ముందు చెవి దగ్గర పెట్టుకుని మూసి చూడు" అన్నాడు. మూశాను. రెండోది ఇచ్చాడు, అదీ మూశాను. మొదటిది నీరసంగా వాలిపోయింది. రెండోది గడియ పడ్డట్టు పడింది. ఆ తర్వాతే రేటు మాట్లాడాడు.

ఆ రెండో చాకు చేసిన ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. ఆయన బల్ల మీదున్న వాటిలో సగానికి పైగా అలాంటివే. న్యూయార్క్ రాష్ట్రంలో ఎలెన్‌విల్ అనే చిన్న ఊళ్లో ఉన్న ఇంపీరియల్ ష్రేడ్ 2004 జులైలో తలుపులు మూసింది. అదే రాష్ట్రంలోని కెమిలస్ కంపెనీ 2007లో మూతపడింది. పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ పేరు చెప్తే చాలామందికి 1859లో ఎడ్విన్ డ్రేక్ తవ్విన చమురు బావి గుర్తొస్తుంది. చాకులవాళ్లకి మాత్రం అది క్వీన్ కట్లరీ ఊరు. ఆ క్వీన్ కూడా 2018లో ఆగిపోయింది. చవక దిగుమతులు, ఒంటిచేత్తో తెరిచే కొత్తరకం చాకులు, జేబులో చాకు పెట్టుకునే అలవాటే పోవడం, అన్నీ కలిసి దెబ్బకొట్టాయి. వాటి గురించి ఎంతైనా రాయొచ్చుగానీ నా మనసు ఆ చప్పుడు దగ్గరే ఉంది. అది ఎలా పుడుతుందో చూస్తే ఈ చాకులకి ఇంత విలువ ఎందుకో తెలుస్తుంది.

వీటిలో లాక్ ఉండదు. పిడి వీపు పొడవునా ఒక ఉక్కు స్ప్రింగు ఉంటుంది. బ్లేడు మొదలు ఆ స్ప్రింగు కొసకి ఆనుకుని తిరుగుతుంది. మొదలు నలుపలకలుగా ఉంటే, ఒక్కో పలక స్ప్రింగుకి సమంగా ఆనినప్పుడల్లా బ్లేడు నిలుస్తుంది. తెరిచినప్పుడు ఒకచోట, సగంలో ఒకచోట, మూసినప్పుడు ఒకచోట. పలక అంచు దాటేటప్పుడు స్ప్రింగు పైకి లేస్తుంది, దాటగానే దబ్బున కిందకి పడుతుంది. మన చెవికి వినిపించేది ఆ పడటమే. మధ్యలో ఆగక్కర్లేదనుకుంటే మొదలుని గుండ్రంగా దిద్దుతారు. అప్పుడు బ్లేడు మెత్తగా తిరిగి, చివర్లో ఒక్కసారే పలుకుతుంది. ఇంతకు మించి ఇందులో యంత్రం లేదు.

యంత్రం చిన్నదే, దాన్ని కుదర్చడమే పెద్ద పని. తెరిచినా మూసినా స్ప్రింగు వీపు, దానికి రెండుపక్కలా ఉన్న ఇత్తడి రేకులు ఒకే మట్టంలో ఉండాలి. బొటనవేలితో నిమిరితే ఎక్కడా మెట్టు తగలకూడదు. మొదలుని వెంట్రుకవాసి ఎక్కువ అరగదీస్తే స్ప్రింగు లోపలికి కుంగుతుంది, తక్కువ తీస్తే వీపు మీద గూనిలా లేస్తుంది. ఒక స్థితిలో సరిచేస్తే రెండో స్థితిలో తప్పుతుంది. అందుకే పనివాడు కాస్త ఆకురాయి పెట్టి, బిగించి, మూసి, వేలితో చూసి, విప్పి, మళ్లీ ఆకురాయి పెడతాడు. స్ప్రింగుకీ బ్లేడుకీ ఇచ్చే కాక కూడా వేరు. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్లీ వేడిచేస్తూ పోతే మెరిసే ఉపరితలం మీద ముందు ఎండుగడ్డి రంగు వస్తుంది, ఇంకా వేడెక్కితే నీలం తిరుగుతుంది. బ్లేడుని గడ్డిరంగు దగ్గర ఆపితే పదును నిలుస్తుంది. స్ప్రింగుని నీలం దాకా తీసుకెళ్తే వంగి మళ్లీ లేస్తుంది, విరగదు.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మాత్రం 'క్రింకింగ్' అనే పని. పశువుల కాపరుల కోసం పుట్టిన 'స్టాక్‌మన్' రకం చాకులో మూడు బ్లేడ్లుంటాయి, స్ప్రింగులు రెండే. రోజువారీ పనికి మొనదేలిన పెద్ద బ్లేడు. తిన్నగా కోయడానికి, వాదర సూటిగా ఉండే 'షీప్స్‌ఫుట్'. కోడెలకి విత్తులు కొట్టడానికి, పక్కన గుచ్చుకోకుండా మొన మొద్దుగా ఉండే 'స్పే'. మూడూ ఆ సన్నటి పిడిలోనే దూరాలి. బ్లేడ్లన్నీ తిన్నగా ఉంటే మూసేటప్పుడు ఒకదాన్నొకటి గీరుకుంటాయి. అందుకని మొదలు దగ్గర ఒక్కో బ్లేడునీ సుత్తితో తట్టి, కంటికి ఆనీ ఆననంతగా పక్కకి వంచుతారు. ఇరుకు బెంచీ మీద ముగ్గురు పిల్లలు భుజాలు వాల్చుకుని సర్దుకున్నట్టు అవి పిడిలో సర్దుకుంటాయి. ఎంత వంచాలో కొలత రాసిపెట్టి ఉండదు. ఆ చాకుకి ఆ బ్లేడు ఎంత కావాలంటే అంత. వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తే బ్లేడుకీ బ్లేడుకీ మధ్య సన్నటి వెలుగుగీత కనిపించాలి. ఫ్యాక్టరీలో వేలకి వేలు తయారైన వస్తువే, కానీ ప్రతిదాన్నీ ఎవరో ఒకరు ఇలా విడిగా చూసి వదిలారు.

పాత చాకుని చదవడం కూడా ఒక విద్యే. బ్లేడు మొదలు మీద కొట్టిన ముద్ర దానికి జాతకం లాంటిది. ఈ చదువు మొదలుపెట్టడానికి కేస్ కంపెనీ చాకులు మంచివి. బ్రాడ్‌ఫర్డ్ ఊళ్లో ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది, ఎన్నో పాత నమూనాలు మాత్రం చేయడం మానేసింది. చాకు మీద 6254 అని ఉంటే మొదటి అంకె 6 గాట్లు పెట్టిన ఎముక పిడికి గుర్తు, 2 అంటే రెండు బ్లేడ్లు, 54 అంటే 'ట్రాపర్' నమూనా. ఏడాది తెలుసుకోవడం ఇంకా సులువు. 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టారు, ఆ తర్వాత ఏడాదికొక చుక్క తీసేస్తూ వచ్చారు. ఏడు చుక్కలుంటే 1973 అన్నమాట. అంతకు ముందువాటికి ముద్ర వాటమే ఆధారం: 'కేస్ ఎక్స్ఎక్స్' అని మాత్రమే ఉంటే 1940 నుంచి 1964 లోపు, దాని కింద 'యుఎస్ఎ' కూడా చేరితే 1965 నుంచి 1969 లోపు.

మొదటి అంకె 5 అయితే పిడి దుప్పికొమ్ముది. ఇక్కడ కథ మన అడవుల్లోకి వస్తుంది. చాకుల పిడికి అన్నిటికంటే మేలైనదిగా పేరుపడ్డది కణుజు కొమ్ము, అంటే సాంబర్ దుప్పి కొమ్ము. కణుజు ఏటా కొమ్ములు రాల్చి కొత్తవి మొలిపించుకుంటుంది. అలా రాలిన కొమ్ములు భారతదేశం నుంచి ఇంగ్లండులోని షెఫీల్డుకీ, జర్మనీలోని జోలింగెన్‌కీ, అమెరికాకీ వెళ్లేవి. మిగతా దుప్పికొమ్ముల్లో లోపల బెండు ఎక్కువ, కణుజు కొమ్ము గట్టిగా దట్టంగా ఉంటుంది. 1990ల చివర్లో మన ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది. రాలిన కొమ్ము పేరుతో వేటాడిన జంతువు కొమ్ము కూడా దాటిపోతుంది కాబట్టి ఆ నిర్ణయం సరైనదేనని నా నమ్మకం. నల్లమలలో తిరిగే జంతువు కొమ్ము కోసం పెన్సిల్వేనియాలో బేరమాడుతుంటే విన్న రోజు నాకు కాసేపు మాట రాలేదు.

ఇక ఉక్కు. ష్రేడ్ 'ఓల్డ్ టైమర్' చాకుల్లో ఏళ్ల తరబడి వాడింది 1095 అనే కార్బన్ ఉక్కు. కార్బన్ దాదాపు 0.95 శాతం, తుప్పు ఆపే క్రోమియం కలపరు. సానరాయి మీద నాలుగు రుద్దులకే పదునెక్కుతుంది, తడి తగిలితే అంత తొందరగానూ రంగు మారుతుంది. ఆవకాయకి కాయలు కొట్టిన ఇనుప కత్తిపీట చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. పులుపు తగిలిన చోట నల్లబడి, కాలం గడిచేకొద్దీ నీలం కలిసిన బూడిదరంగుకి తిరుగుతుంది. ఎర్రగా పొడిరాలే తుప్పు ఉక్కుని తినేస్తుంది. ఈ నల్లదనం దాని మీద పొరలా నిలిచి కొంత కాపాడుతుంది.

ఈ తేడా తెలియక నేనొక తప్పు చేశాను. మొదట్లో కొన్న ఒక పాత చాకు బ్లేడు నల్లగా ఉందని మోటారుకి గుడ్డచక్రం తగిలించి అద్దంలా మెరిసేదాకా పాలిష్ పట్టాను. ముద్రలో అక్షరాల అంచులు కరిగిపోయాయి. ఫ్యాక్టరీలో తుదిమెరుగు పెట్టినప్పుడు వాదరకి అడ్డంగా పడ్డ సన్నటి గీతలు పోయాయి. అరవై ఏళ్లుగా ఊరిన రంగు పది నిమిషాల్లో పోయింది. సంతలో పెద్దాయనకి చూపిస్తే తిట్టలేదు. మూసి, రెండు చేతులతో నాకు తిరిగిచ్చాడు. అప్పటినుంచి నేను చేసేది ఒక్కటే: ఎర్రతుప్పు ఉన్నచోట నూనె చుక్క వేసి మెత్తగా తుడవడం. సెల్యులాయిడ్ పిడి ఉన్నవాటిని మాత్రం విడిగా ఉంచుతాను. ఆ పాత ప్లాస్టిక్ కుళ్లడం మొదలైతే వచ్చే ఆవిరి పక్కనున్న చాకులని కూడా తుప్పు పట్టిస్తుంది.

విలువ ఉన్నచోట దొంగసరుకూ ఉంటుంది. మామూలు చాకు ముద్ర అరగదీసి, ఖరీదైన పేరు కొడతారు. అలాంటప్పుడు మొదలు పలచబడి, పక్కరేకుకీ దానికీ మధ్య సందు వస్తుంది. బ్లేడు మార్చి ఉంటే పిడి కొసన ఉండే తెల్లలోహపు తొడుగు మీద రివెట్ చుట్టూ సన్నటి వలయం కనిపిస్తుంది. అసలు పనివాడు రివెట్‌ని తొడుగులో కలిసిపోయేలా కొట్టేవాడు, ఎక్కడుందో కంటికి దొరకదు. ముద్ర అబద్ధం చెప్పొచ్చుగానీ పనితనం చెప్పలేదని నేను నేర్చుకున్నది ఇక్కడే. ష్రేడ్ మూతపడ్డాక ఆ పేరుని వేరేవాళ్లు కొని, చైనాలో చాకులు చేయించి, అదే పేరుతో అమ్మారు. అందులో మోసం లేదు, అవి పనికిరానివీ కావు. కానీ సేకర్తలు 2004కి ముందువాటినే వెతుక్కుంటారు. టైటస్‌విల్‌లో దీనికి తలకిందులుగా జరిగింది. క్వీన్‌లో పనిచేసిన బిల్ హోవర్డ్ మరొకరితో కలిసి 2006లో గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ మొదలుపెట్టాడు. పేరు కొత్తదే, పని మాత్రం పాత పద్ధతిదే: అదే 1095 ఉక్కు, అవే ఎముక పిడులు, చేత్తో చూసి కుదిర్చిన స్ప్రింగులు.

నా దగ్గరున్న వాటిలో ఖరీదైనవి లేవు. రోజూ జేబులో ఉండేది ఒక పాత ఓల్డ్ టైమర్ స్టాక్‌మన్, మూడు బ్లేడ్లది. పిడి ఎముక కూడా కాదు, గోధుమరంగు డెల్రిన్ ప్లాస్టిక్. మొనదేలిన పెద్ద బ్లేడు సానరాయి మీద అరిగి అరిగి సగం వెడల్పుకి వచ్చింది. షీప్స్‌ఫుట్ వాదర మధ్యలో కాస్త లోపలికి వంగింది, ఎవరో తాళ్లో గోనెసంచులో తెగ కోశారు. స్పే బ్లేడు మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వెడల్పులో అలాగే ఉంది, దాని మీద అడ్డగీతలు కూడా చెరగలేదు. దీన్ని వాడినాయన పల్లెలో పనిచేశాడేమోగానీ పశువులకి విత్తులు కొట్టే పని ఎన్నడూ చేసినట్టు లేదు. మూసినప్పుడల్లా మూడూ ఒకదానికొకటి తగలకుండా వాటి వాటి చోట్లకి చేరుకుంటాయి. పెద్దది అంత అరిగినా దాని టక్కులో తేడా రాలేదు.