పాట కాని సంగీతము

2023వ సంవత్సరము మార్చి నెలలో అమెరికాలోని ఆస్కారు సభయందు కీరవాణి, చంద్రబోసు గారల 'నాటు నాటు' పాటకు బహుమానము వచ్చినదని విన్నపుడు తెలుగునాట సంతసింపని యిల్లు లేదు. మా యింటను మిఠాయి పంచుకొంటిమి. అది పాటకు వచ్చిన బహుమానము. ఆ సభలోనే, ఆ వేదికపైననే, చిత్రము పొడవునను మాటల వెనుక వినవచ్చు సంగీతమునకు వేరొక బహుమాన మిచ్చిరి. దానిని మనలో గమనించినవారు తక్కువ. మొదటి ప్రపంచయుద్ధమును గూర్చి జర్మనులు తీసిన 'ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' అను చిత్రమునకు సంగీతము గూర్చిన వోల్కర్ బెర్టెల్మన్ దానిని పొందెను. ఆ చిత్రములో మాటిమాటికి మూడే మూడు స్వరములు భూమి క్రిందనుండి వచ్చినట్లు ఉరుమును. అవి యే మహావాద్యమునుండి పుట్టినవో యని విచారింపగా, అది ఆయన ముత్తవ్వ నాటి హార్మోనియము! మన నాటకసమాజముల వారు పద్యము పద్యమునకు శ్రుతి నందుకొన్న పెట్టెకు అది దాయాది. పాతబడిన ఆ పెట్టెను బాగుచేయించి, దాని ధ్వనిని యంత్రసహాయమున పెంచి, మీసము మొలవని కుఱ్ఱలను మ్రింగు యుద్ధమునకు దానిని గొంతుగా నమర్చెను.

సినిమా సంగీతమనగా మనకు పాటయే. చిత్రము చూచి వచ్చినవారిని సంగీత మెట్లున్నదని యడిగినచో 'రెండు పాటలు బాగున్నవి' అందురే గాని, తల్లి బిడ్డ నెడబాసినపుడు వెనుక మ్రోగిన వయొలీను మాట యెత్తువారు లేరు. మనదేశమున ఆ విద్య తెలిసినవారు లేక కాదు. ఇళయరాజా గారొక్కరు చాలరా? లోపము వినువారి చెవిది. నేను సంగీతశాస్త్ర మభ్యసించినవాడను గాను, స్వరలిపి చదువనేరను. ముప్పది యేండ్లుగా వినువాడను మాత్రమే. పెద్ద వాద్యబృందముతో చిత్రకథ నడపుట యను విద్య హాలీవుడ్డులోనే ముందుగా స్థిరపడినది గనుక, అక్కడి సంగీతకర్తలను గూర్చి నాకు కలిగిన యభిప్రాయములను పాఠకుల ముందుంచుచున్నాను.

ఆ విద్యకు బాట వేసినవారిలో మాక్స్ స్టైనర్ ముఖ్యుడు. వియన్నా నగరమున పుట్టినవాడు. 1933లో వచ్చిన 'కింగ్ కాంగ్' చిత్రములో ద్వీపవాసుల నాయకుడు అడుగులో అడుగు వేయుచు కథానాయిక వైపు వచ్చునపుడు, అడుగు అడుగునకు వాద్యములును ఒక్కొక్క స్వరము వేయును. బొమ్మ యేమి చేసిన సంగీతమును అదియే చేయును. కార్టూను బొమ్మలను దలచి దీనికి మిక్కీ మౌసింగు అని పేరు పెట్టిరి. మూలమున రాముడు వచ్చెననియున్న చోట టీకాకారుడు 'రాముడనగా రాముడు, వచ్చెననగా వచ్చెను' అని వ్రాసినట్లుండును. స్టైనర్ మహాసమర్థుడు, 'గాన్ విత్ ది విండ్' చిత్రమునకు ఆయన గూర్చిన సంగీతము ఇంచుమించు మూడు గంటల పర్యంతము సాగును. కాని ఆయన మాటకారియైన చుట్టము వంటివాడు. ప్రేమగలవాడే, నోరు మాత్రము మూయడు.

ఆ నగరమునుండియే వచ్చిన కోర్న్‌గోల్డ్ చరిత్ర వేఱు. పదునొకండేండ్ల ప్రాయమున ఆయన రచించిన మూకనాటిక వియన్నా ఒపెరాశాలలో ప్రదర్శితమైనది. అంతటివాడు 1938లో 'రాబిన్ హుడ్' చిత్రమునకు సంగీతము కూర్చుటకై అమెరికాలో నుండగా హిట్లరు ఆస్ట్రియాను మ్రింగెను. యూదుడగుటచేత ఆయనకు ఇంటికి పోవు దారి మూసికొనిపోయినది. ఆ చిత్రమే తన ప్రాణము నిలిపినదని ఆయన చెప్పుకొనుచుండెను. తరువాత తన చిత్రముల రాగములతోనే యొక వయొలీను కచేరీ రచింపగా, 1947లో హైఫెట్జ్ దానిని వాయించెను. సినిమా వాసన కొట్టుచున్నదని విమర్శకులు ముక్కు మూసికొనిరి. నేడు దానిని వాయింపని పెద్ద వయొలీను విద్వాంసు డరుదు.

ఇక నా మనస్సునకు మిక్కిలి దగ్గరివాడు బెర్నార్డ్ హెర్మన్. చిత్రసంగీతకర్తకు ఉండవలసిన మొదటి గుణము ఇంపైన రాగము కట్టుట కాదనియు, కథను గూర్చి తనదైన యభిప్రాయ ముండుట యనియు నేను ఆయనవల్లనే తెలిసికొంటిని.

1960లో హిచ్‌కాక్ తీసిన 'సైకో' చిత్రములో ఒక స్త్రీ యజమాని సొమ్ము అపహరించి కారులో పారిపోవును. ఆ ఘట్టములో బొమ్మలో నున్న దేమి? కారు, రాత్రి, వాన, అద్దము తుడుచు కడ్డీలు, ఒక స్త్రీ ముఖము. ఇంటిలో టెలివిజనుపై ఆ చిత్రము వచ్చినపుడు ధ్వని ఆపి చూడుడు. ఆమె పుట్టినింటికి పోవుచున్నదని చెప్పినను నమ్మవచ్చును. ధ్వని పెట్టుడు. వయొలీనులు, సెల్లోలు ఊపిరి తిరుగనీయక తఱుముకొని వచ్చును. ఈమె చేరబోవు చోటునుండి మరల తిరిగి రాదని బొమ్మ ఎక్కడను చెప్పలేదు. సంగీతము చెప్పినది. ఆ చిత్రమంతటికి హెర్మన్ తంత్రీవాద్యములు దప్ప వేరొండు వాడలేదు. బూరలేదు, మద్దెల లేదు. స్నానగృహములో ఆమె హత్య జరుగు ఘట్టమునకు సంగీతమే వలదని దర్శకుడు చెప్పియుండెను. హెర్మన్ ఆ మాట పెడచెవిని బెట్టి వ్రాసెను. వినిన తరువాత హిచ్‌కాక్ తన మాట తానే మార్చుకొనెను. కత్తి దిగినట్లు కమాను తీగపై పడు ఆ చప్పుడును వినిన లోకము మరచిపోలేదు. ఆ సంగీతమును ఆస్కారు వారు బహుమానమునకు పరిశీలించు చిత్రముల పట్టికలో నైనను చేర్పలేదు.

ఇట్టి ధిక్కారము ప్రతిసారియు ఫలింపదు. 1966లో 'టార్న్ కర్టెన్' చిత్రమునకు కాలానుగుణమైన తేలిక సంగీతము కావలెనని నిర్మాణసంస్థ కోరెను. దర్శకుడును అదియే కోరెను. హెర్మన్ వయొలీనులనే తొలగించి పదునారు హారనులు, పండ్రెండు పిల్లనగ్రోవులు, తొమ్మిది ట్రాంబోనులు తెచ్చి కూర్చుండబెట్టెను! ఇక్కడను ఒక హత్యాఘట్టము గలదు. ఇక్కడను సంగీతము వలదని దర్శకుడు చెప్పియుండెను. ఇక్కడను హెర్మన్ వ్రాసెను. హిచ్‌కాక్ వచ్చి విని, రికార్డింగు నడుమనే నిలిపివేసెను. అంతటితో వారిరువురి స్నేహము తెగినది. హెర్మన్‌పై నా కెంత యభిమాన మున్నను ఒక మాట దాచరాదు. ఆ ఘట్టమును సంగీతము లేకుండనే చూచితిని. మనిషిని చంపుట ఎంత కష్టమో, ఎంత సేపు పట్టునో ఆ నిశ్శబ్దమే తెలుపుచున్నది. ఈ మారు దర్శకునిదే ఒప్పు. అయినను అభిప్రాయము గలవాడే తప్పగలడు. చెప్పినది చెప్పినట్లు వాయించువానికి తప్పుటకు గూడ చోటు లేదు.

నేటి చిత్రసంగీతమునకు పట్టిన చీడ ఆ చోటు లేకపోవుటయే. చిత్రమును కూర్చునపుడు, సంగీతకర్త ఇంకను రాకమునుపే, పాత చిత్రములనుండియో ప్రసిద్ధ రచనలనుండియో తాత్కాలికముగా కొంత సంగీతము నతికించుట ఒక యాచారము. దీనిని టెంప్ ట్రాకు అందురు. దర్శకుడు నెలల తరబడి దానినే విని విని దానికి లోబడిపోవును. పిదప వచ్చిన సంగీతకర్తతో 'ఇటువంటిదే, కాని ఇది కానిది' వ్రాయుమనును. పెండ్లికూతురికి ఎరువు తెచ్చిన నగ పెట్టి చూచి, కంసాలితో అటువంటిదే చేయుమన్నట్లు! పది చిత్రముల సంగీతము ఒక్కటేవలె నుండుటకు కంసాలి చేతకానితనము కారణము కాదు.

దీనికి మొదట బలియైనవారిలో అలెక్స్ నార్త్ ముఖ్యుడు. 1968లో కూబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చిత్రమునకు ఆయన సంగీతము వ్రాసి రికార్డు చేయించెను. తీరా తొలి ప్రదర్శనకు పోయి కూర్చుండగా, తెరపై తన స్వర మొక్కటియు వినబడలేదు. తాత్కాలికముగా పెట్టిన స్ట్రౌసుల రచనలనే కూబ్రిక్ నిలుపుకొనెను. నార్త్ 1991లో మరణించిన తరువాత, 1993లో ఆయన మిత్రుడు జెర్రీ గోల్డ్‌స్మిత్ ఆ సంగీతమును రికార్డు చేయించి లోకమునకు వినిపించెను. అది మంచి సంగీతమే. కాని ఆకాశమున ఓడలు తిరుగునపుడు వియన్నా నాట్యగీతమును పెట్టిన కూబ్రిక్ తప్పు చేసినాడని నేను ప్రమాణము చేయలేను. ఆ నాట్యగీతము బొమ్మకు లొంగలేదు, బొమ్మతో వియ్యమందినది. కూబ్రిక్ ఎన్నిక గొప్పదే. మనిషికి చెప్పక చేసినది మాత్రము గొప్పది కాదు.

జాన్ విలియమ్స్ ఈ పద్ధతిలోనే పని చేసియు తన గొంతు పోగొట్టుకొననివాడు. 1977లో లండన్ సింఫొనీ వాద్యబృందము వాయించిన 'స్టార్ వార్స్' తొలి రాగమున కోర్న్‌గోల్డ్ 1942 నాటి 'కింగ్స్ రో' రాగపు పోలిక స్పష్టముగా వినవచ్చును. దానిని దొంగతన మనువారు కలరు. మనుమనిలో తాత ముక్కు కనబడిన దొంగతనమా? నాకు విలియమ్స్ రచనలలో అన్నిటికంటె మిన్న 1975 నాటి 'జాస్'. సొరచేప వచ్చునపుడు రెండే స్వరములు. పియానోపై ఆయన వాటిని వినిపింపగా దర్శకుడు స్పీల్‌బర్గ్ పరిహాసమని నవ్వెనట. కాని ఆ రెండు స్వరముల నీతిని గమనింపుడు. ఒక ఘట్టములో పిల్లలిద్దరు అట్టతో చేసిన రెక్కను నీటిపై త్రిప్పి జనమును బెదరింతురు. బొమ్మలో రెక్క యున్నది, కేకలున్నవి, పరుగులున్నవి. ఆ స్వరములు మాత్రము లేవు. సంగీతము అబద్ధము చెప్పదు. ఆ నమ్మక మేర్పడిన తరువాత, ఏమియు కనబడని నీళ్లపై అవి మ్రోగినచో గుండె ఆగును.

ఇటలీ దేశపు మోరికోనే ఈ చిక్కును మొదలంటనే తెంచివేసెను. 1968లో వచ్చిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' చిత్రమునకు ముందుగా సంగీతము. దానిని విని నటులు నడచిరి. అందులో పేరు చెప్పని వాడొకడు మాటలాడుటకు మారు నోటి హార్మోనికా ఊదుచుండును. ఆ వంకరస్వర మెందుకో మన కర్థము కాదు. చివరకు తెలియును. అతడు బాలుడై యుండగా, ఉరిత్రాడు మెడకు తగిలించిన యన్నను అతని భుజములపై నిలిపి, ఒక దుర్మార్గుడు ఆ వాద్యము నతని నోట గ్రుక్కినాడు. బాలుడు కూలిన అన్న చచ్చును. అదివరకు మనము విన్నది రాగము కాదు, ఊపిరి. ఇంత సంగీతము గల చిత్రపు తొలి ఘట్టములో ఆయన వాద్య మొకటియు లేదు. గాలిమర కిఱ్ఱుమనుట, ఈగ ముసురుట, నీటి బొట్టు టోపీపై పడుట, అంతే.

హాన్స్ జిమ్మర్‌ను గూర్చి నాకు రెండు మనస్సులు. గదులు కంపించునట్లు బూరలు మ్రోగించుట ఆయన 2010లో 'ఇన్‌సెప్షన్'తో నేర్పగా, నేర్చినవారు నేటికిని మానకున్నారు. కాని 2014 నాటి 'ఇంటర్‌స్టెల్లర్' వేఱు. దర్శకుడు నోలన్ ఆయనకు కథ చెప్పలేదు. అది నక్షత్రమండలముల చిత్రమని గూడ చెప్పలేదు. తండ్రియు బిడ్డయు అను విషయముపై ఒక కాగితము వ్రాసి పంపెను. జిమ్మర్ దానికి చిన్న రాగము కట్టెను. అది పెరిగి పెరిగి లండనులోని టెంపుల్ చర్చి ఆర్గానుపై మ్రోగి, గ్రహములన్నియు తిరిగి, తుదకు తండ్రి బిడ్డల వద్దకే చేరినది. ఎరువు నగ చూపక మనసు చెప్పినచో నేటివారును పనివారే.

హెర్మన్ కథను నడుమ విడిచితిని. హిచ్‌కాక్‌తో తెగిన తరువాత హాలీవుడ్డు ఆయనను కొంతకాలము మరచిపోయినది. 1975లో స్కోర్సేజీ అను పడుచుదర్శకుడు 'టాక్సీ డ్రైవర్' చిత్రమునకు పిలిచెను. ఒంటరివాడొకడు న్యూయార్కు వీధులలో రాత్రులు బాడుగ కారు నడుపు కథ అది. జీవితమంతయు జాజ్ సంగీతమునకు దూరముగా నుండిన ముసలివాడు దానికి సాక్సఫోనుపై ఒక రాగము వ్రాసెను. నిద్ర పట్టనివాడు తనతో తాను మాటలాడుకొన్నట్లుండును. డిసెంబరు 23వ తేదీన రికార్డింగు ముగించి లాస్ ఏంజిలిస్‌లో తన హోటలు గదికి పోయి పరుండెను. తెల్లవారులోగా నిద్రలోనే మరణించెను. ఆ చిత్రమును ఆయన స్మృతికి అంకితము చేసిరి. ఆ అంకితవాక్యము చివర పేర్లలో వచ్చును. నేను చూచిన నాడు అది తెరపైకి వచ్చుసరికి హాలులో దీపములు వెలిగినవి. ఊడ్చువాడును, నేనును మిగిలితిమి. సాక్సఫోను ఇంకను మ్రోగుచునే యున్నది.