అక్క అడిగిన లోతు

గత మంగళవారము రాత్రి భోజనమునకు కూర్చుండబోవు వేళ ఎమ్మిగనూరు నుండి మా అక్క మనుమడు ఫోను చేసి, విశాఖపట్నమున కైలాసగిరిమీద క్రొత్తగా వెలసిన గాజువంతెనను ఎవరో తీసిన వీడియోలో తాను చూచితిననియు, సంక్రాంతి సెలవులు ముగియక మునుపే అటువంటిదానిపై నడచి తీరవలెననియు, "తాతా, లోయ మీద గాజు బ్రిడ్జికి పొద్దున పోయి రాత్రికి వచ్చేద్దాం" అనియు ఒక్క ఊపిరిలో చెప్పివేసెను.

ఆదోని నుండి విశాఖకు చేరుటకే ఒక రాత్రియు మరునాటి పగటిలో కొంతయు పట్టును గనుక అది పొద్దున పోయి రాత్రికి వచ్చు పని కాదని వానికి నచ్చజెప్పితిని. పైగా కైలాసగిరి సముద్రమునకు ఎదురుగా నిలిచిన కొండయే కాని లోయ కాదు. ఆ వంతెన ఒక కొన కొండలో బిగింపబడి, సుమారు 50 మీటర్ల పొడవున రెండవ కొన గాలిలో నిలిచి యుండుటచే, పోయినవారు పోయిన దారినే మరలి రావలెను. లోయయే కావలెనన్నచో మన సీమలోనే, జమ్మలమడుగునకు 15 కిలోమీటర్ల దూరమున, ఎర్రమల కొండలను పెన్న చీల్చుకొని పోయిన గండికోట కలదంటిని. "ఆడ గాజు బ్రిడ్జి ఉందా?" అని అడిగెను. వేయుదురన్న మాట అప్పుడప్పుడు చెవిని పడుచుండుటయే కాని ఇంకను లేదంటిని. "అయితే ఏముంది తాతా ఆడ?" అని వాడు ఉసూరుమన్నాడు.

ఆ ప్రశ్న నాకు రుచింపలేదు. రాతిని కాలితో తొక్కి, చేతితో తాకి, దాని వేడిమిని వీపున మోసిననే గాని ఒక చోటు చూచినట్లు కాదని, ఆదోని కోటను గూర్చి వ్రాసినను, రణమండల కొండ మెట్లను గూర్చి వ్రాసినను, నేను చెప్పుచునే యుంటినని ఈ కాలమ్ చదువరులకు తెలియును. గండికోట రాతిని గ్రానైటని చెప్పువారును వ్రాయువారును పలువురు కలరు. అది సరి కాదు. అది క్వార్ట్‌జైటు; ఒకనాటి జలాశయపు ఇసుక పొరలు పొరలుగా అణగి, యుగముల బరువు క్రింద గట్టిపడి, ఇసుకరేణువునకు రేణువునకు నడుమ ఎడము లేనంతగా ఒక్కటైన రాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరకు గండికోట క్వార్ట్‌జైటు అని ఆ ఊరి పేరే పెట్టినారు. అంత కఠినమైన శిలను నీరు కోసినది. ఆ కోతను చూడబోవువాడు తన కాలికిని ఆ శిలకును నడుమ గాజు ఫలకమును పరచుకొనుట, వానలో గొడుగు క్రింద నిలిచి తడిసితినని చెప్పుట వంటిదని నాకు తోచెడిది.

గాజునందు పనితనము లేదనుట నా యుద్దేశము కాదు. ఆ ఫలకమును ఆరు వందల డిగ్రీలకు మించి కాచి, మరుక్షణమే చల్లగాలిని బలముగా కొట్టించుటచే పైపొర ముందుగా బిగిసి, లోపలి పొర తరువాత ముడుచుకొనుచు పైపొరను అదిమిపట్టును. ఆ అదుమువలననే దానికి మామూలు గాజునకు లేని సత్తువ కలుగును. అట్టి ఫలకములను రెండు మూడింటిని నడుమ పారదర్శకమైన పలుచని పొరతో అతికించుటచే, ఒకటి పగిలినను ముక్కలు రాలక, తక్కినవి బరువును మోయును. చైనాలో జాంగ్‌జియాజియే అనుచోట 2016లో 430 మీటర్ల పొడవున, మూడు వందల మీటర్ల ఎత్తున అట్టి వంతెన వేసి తెరువగా, జనసమ్మర్దమునకు తాళలేక రెండు వారములు తిరుగక మునుపే కొంతకాలము మూయవలసి వచ్చినది. వంతెన చెడలేదు, వచ్చువారు అంతకంతకు పెరిగినారు. మనుష్యులకు కాలి క్రింద నేల లేకుండ నిలువవలెనన్న కోరిక ఎంత బలమైనదో!

సరే, గండికోటకే తీసికొనిపోవుదునని తుదకు పిల్లవానికి మాట ఇచ్చితిని గనుక ఏర్పాటునకు కూర్చుంటిని. ఒక పగటి ప్రయాణమును కూర్చుటయు ఒక విద్యయే అని నా నమ్మకము. ఆ విద్యను నేను మా బావ నుండి నేర్చితిని. మాచాని సోమప్ప గారు 1938లో ఎమ్మిగనూరున నెలకొల్పిన చేనేత సహకార సంఘమునకు గుంటమగ్గముపై ఒక జీవితకాలము నేసిన ఆ మనిషి, తెల్లవారక మునుపే వీధిలో పడుగు చాచి, గంజి పట్టించి, ఎండ ముదురక మునుపే కుంచెతో దువ్వి ఆరబెట్టుకొనువాడు. దువ్వుచు దువ్వుచు అరచేతిని పోగులపై మెల్లగా జరుపుకొని పోవును, ఎక్కడనో ఆగును, చూపునకు తక్కినవాటివలెనే కనబడు ఒక పోగును వ్రేలితో ఎత్తి చూపి, "ఇది తెగుతాది" అనును. బిగువు ఎంత పెట్టవలెనో ఆ పోగును చూచి నిర్ణయించుకొనువాడు.

దారి నాకు కంఠస్థమే. ఎమ్మిగనూరువారు తెల్లవారుజామున ఆదోని చేరవలెను. అచ్చటినుండి ఆస్పరి, పత్తికొండ, గుత్తి, తాడిపత్రి, జమ్మలమడుగు మీదుగా సుమారు రెండు వందల కిలోమీటర్లు. పత్తికొండలోనే కదా 1827లో మన్రో దొర కలరా సోకి కన్ను మూసినది; గుత్తికి ఈవలనే కదా ఎర్రగుడి గుండ్లపై అశోకుని శాసనములున్నవి. నాలుగున్నరకు బయలుదేరినచో సూర్యోదయమునకు ఎర్రగుడి, ఎనిమిదిన్నరకు తాడిపత్రిలో ఉగ్గాని బజ్జి, పదకొండు లోపల గండికోట. మధ్యాహ్నమునకు జొన్నరొట్టెలు, బుడ్డల పొడి, పెరుగన్నము ఇంటినుండియే కట్టుకొనవలెను. లోయ అంచున సాయంకాలపు ఎండ పడిననే ఆ రాతి ఎరుపు పూర్తిగా తేరును. కాని దానికై నిలిచినచో ఇల్లు చేరునప్పటికి అర్ధరాత్రి యగును. ఇంతవరకు కాగితముపై వ్రాసికొని, ఎవరెవరు వత్తురో పేర్లు వేయబోయి, మొదట అక్క పేరు వ్రాసి, కలమును ఆపితిని.

ఆరేండ్ల క్రితము ఇదే దారిని, ఇదే లెక్కతో, అక్కను వెంటబెట్టుకొని గండికోటకు పోతిమి. బావ పోయిన మరుసటి యేడు. ఆమె ఇల్లు కదలుటయే గొప్ప అనుకొని, చూపవలసినవన్నియు ఒక్క పగటిలో చూపవలెనని నేను ఆరాటపడితిని. కోట ద్వారము దాటి, మాధవరాయ స్వామి గుడి గోపురము చూచి, ధాన్యాగారము లోపలి చల్లదనములో కొంతసేపు నిలిచి, జుమ్మా మసీదు దగ్గరకు వచ్చునప్పటికి ఎండ నడినెత్తికి ఎక్కినది. అక్కడినుండి లోయ అంచు ఎంతో దూరము లేదు. కాని నడుమ నున్నది బాట కాదు, బండలు. ఏనుగులు పండుకొన్నట్లు ఒకదానిపై నొకటి ఒరిగి, ఎక్కి దిగి, దూకి, చేతులూని పోవలసిన బండలు. నలువదేండ్లు బావతోపాటు మగ్గపు గుంటలో కాళ్ళాడించిన అక్క మోకాళ్ళు మొదటి బండ దగ్గరనే నిలిచిపోయినవి. "మీరు పోయి రాండి. నేను ఈడ నీడలో కూర్చుంటా" అని మసీదు గోడ నీడలో కొంగు పరచుకొని కూర్చుండెను.

మేము పోతిమి. అంచున నిలిచి క్రిందికి చూచితిమి. ఒక గంటకు తిరిగి వచ్చునప్పటికి అక్క అచ్చటనే, అట్లే, మేము వచ్చు దారినే చూచుచు కూర్చుండి యుండెను.

"ఏముందిరా ఆడ?" అని అడిగెను.

ఇరువదేండ్లుగా పత్రికలకు వ్రాయుచున్నవాడను. నా నోట మాట రాలేదు. పెన్న ఉన్నదంటిని, రెండు ప్రక్కల రాతిగోడ లున్నవంటిని. "ఎంత లోతుంది?" అనెను. ఆమె ఎరిగిన కొలత చెప్పవలెనని, "మన ఆదోని కొండంత" అంటిని. అక్క కొంతసేపు ఆలోచించి, "కొండ పైకుంటాది గదరా. లోతు ఎట్లుంటాది?" అనెను. ఫోనులో తీసిన బొమ్మ చూపితిని. ఎండలో ఏమియు కనబడక, చేతితో నీడ పట్టి, కండ్లు చిట్లించి చూచి, "బాగుంది నాయనా" అని ఇచ్చివేసెను. మరల దానిని గూర్చి అడుగలేదు.

పదిహేడవ శతాబ్దమున ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే, కోటను పట్టిన మీర్ జుమ్లాను చూచుటకు 1652లో ఆ కొండ నెక్కినాడు. ఒక ప్రక్క అగాధము గల ఆ ఇరుకు దారిలో పరదేశి ఒకడు సరకుతో పైకి చేరినాడు. ఎమ్మిగనూరు నుండి పోయిన మా అక్క ఆ అగాధమునకు పిలుపు దూరమున కూర్చుండి, చూడకయే తిరిగి వచ్చినది. బావ నేర్పిన విద్యను నేను ఆనాడు తలక్రిందులు చేసితిని. తెగబోవు పోగును చూచి బిగువు పెట్టక, నా మోకాళ్ళ సత్తువను చూచి పడుగు చాచితిని.

ఇన్నాళ్ళు నేను గాజువంతెనను గూర్చి ఆలోచించినదంతయు బండలు దూకగలవాని ఆలోచనయే. రాతిని తాకనిదే చూచినట్లు కాదన్న నా మాట, తాకబోయి ఆగిపోయినవారిని లెక్కలోనికి తీసికొనలేదు. చదునైన నేలనుండి మెట్టు లేకుండ మొదలై, ఇరుప్రక్కల పట్టుకొనుటకు కడ్డీ కలిగి, పది అడుగులైనను లోయపైకి సాగు గాజు ఫలకము ఒకటి ఆనాడు ఉండినచో, అక్క దానిపై నిలిచి, క్రిందికి చూచి, తన ప్రశ్నకు తానే సమాధానము చెప్పుకొని యుండెడిది. పిల్లవానికి అది భయమును చవిచూచు వేడుక కావచ్చును. ఆమెకు అది దారి.

కనుక ఈ వారము నా కాగితమును చించి క్రొత్తది వ్రాసితిని. ఎర్రగుడిని తీసివేసితిని, అచ్చటను గుండ్లెక్కవలసినదే. బయలుదేరుట ఆరు గంటలకు. ముందు సీటు అక్కది. ఒక మడతకుర్చీ, మోయుటకు ఇద్దరు బలమైన కుర్రవాండ్రు. బండలలో ఎంతవరకు పోవ వీలైన అంతవరకు ఆమెను కుర్చీలో మోసికొని పోవుదుము. సాయంకాలపు ఎండ పడువరకు నిలుతుము. ఇల్లు చేరుట అర్ధరాత్రి యైనను కానిమ్ము. ఇది చెప్పగా మనుమడు ఒక క్షణమాగి, "కుర్చీ ఒక పక్క నేను పట్టుకుంటా తాతా" అనెను. గాజువంతెన మాట వాడు మరల ఎత్తలేదు; ఎత్తవలసినవాడను ఇప్పుడు నేను.

గండికోట అభివృద్ధికై 2024లో కేంద్రము 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. ఆ ధనమును వెచ్చించు పెద్దలకు నా మనవి ఇది: గాజువంతెన వేయుదురేని వేయుడు, నేను అడ్డు చెప్పను, కాని కోటగోడకును, మసీదునకును, గుళ్ళకును ఎడముగా వేయుడు, దానికి పోవు బాటలో ఒక్క బండయైనను ఎక్కవలసిన పని లేకుండ చూడుడు. వంతెన ఆలస్యమైనచో మొదట ఆ బాటనైనను వేయుడు. మా అక్కకు ఈ మాఘమునకు డెబ్బది యారు నిండును.