ఆరబెట్టడమే అసలు తయారీ

బోధన్ దగ్గర మా ఊళ్లో చెరుకు గానుగ ఆడే రోజుల్లో పిల్లలమంతా బెల్లం పెనం చుట్టూనే ఉండేవాళ్లం. మా తాత ఉడుకుతున్న పాకంలోంచి ఒక చుక్క తీసి చల్లటి నీళ్లలో వేసి, వేళ్లతో నలిపి చూసేవాడు. ఉండ కడితే దింపమనేవాడు. ముందే దింపితే బెల్లం అచ్చులో నిలవదు. ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. రసం అదే, పెనం అదే. అందులోని నీరు ఎంత వేడిలో, ఎంతసేపట్లో వెళ్లిపోయిందన్న దాన్ని బట్టే బెల్లం.

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లోని ఒక ప్రయోగశాలలో ఫ్యూయల్ సెల్ పొరలు పోయడం నేర్చుకునేటప్పుడు ఆ పెనం గుర్తొచ్చింది. ఫ్యూయల్ సెల్‌లో ఒక పక్క హైడ్రోజన్, మరో పక్క ఆక్సిజన్ ఉంటాయి. నడుమ ఉండే పల్చని పొర ప్రోటాన్లను మాత్రం దాటనిచ్చి, వాయువులను ఆపాలి. అలాంటి పొరల్లో పేరున్నది నఫియాన్. 1960లలో డ్యూపాంట్ కంపెనీలో వాల్తర్ గ్రోట్ తయారుచేశాడు. దాని అణువులు పొడవాటి గొలుసులు. ఆ గొలుసు వెన్ను టెఫ్లాన్ లాంటిది, నీటిని దగ్గరికి రానివ్వదు. పక్క కొమ్మల చివర ఉండే సల్ఫోనిక్ ఆమ్లమేమో నీటి కోసం వెంపర్లాడుతుంది. ఇలాంటి పదార్థాన్ని కరిగించడం తేలిక కాదు. 1982లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ బృందం సగం ఇథనాల్, సగం నీళ్లు కలిపి, మూసిన పాత్రలో 250 డిగ్రీల దాకా వేడి చేసి కరిగించింది. చక్కెర తీశాక మిగిలే మడ్డిని పులియబెట్టి బట్టీ పడితే వచ్చేది ఆ ఇథనాలే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్ గాలి పీల్చి పెరిగిన నాకు ఆ మాట చదివినప్పుడు సొంతవాళ్ల పేరు విన్నట్టనిపించింది.

నేను పోసిన మొదటి పొర చెడిపోయింది. నీళ్లు, ఆల్కహాల్ కలిసిన ద్రావణాన్ని గాజు పలక మీద పోసి, గది వేడిలోనే ఆరనిచ్చాను. తెల్లారేసరికి ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చింది. మిగిలిన ముక్కలను ఆల్కహాల్‌లో వేస్తే మళ్లీ కరిగిపోయాయి. సెల్‌లో పెట్టడానికి పనికొచ్చే పొర కరగకూడదు.

కారణం తర్వాత తెలిసింది. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, స్ఫటికాలుగా సర్దుకునేలోపే అది వెళ్లిపోతుంది. 1986లో రాబర్ట్ మూర్, మార్టిన్ దీనికి దారి చూపారు. 189 డిగ్రీలకు మరిగే డైమిథైల్ సల్ఫాక్సైడ్ లాంటి సాల్వెంట్‌లో, అంటే కరిగించే ద్రవంలో, కరిగించి, ఎక్కువ వేడిలో ఆరబెడితే పొర గట్టిగా వస్తుంది, కరగదు. ఆలస్యంగా వెళ్లే సాల్వెంట్ గొలుసులకు కదిలే వీలు, వేడి అందుకు తగిన బలం ఇస్తాయి.

అలాగని ఎక్కువ వేడికి మరిగే సాల్వెంట్లన్నీ మేలు చేయవు. సల్ఫొనేటెడ్ పీక్ అనే మరో రకం పొరను డైమిథైల్ ఫార్మమైడ్‌తో పోస్తే, ఆ సాల్వెంట్ ఆమ్ల కొమ్మలను పట్టుకుని లోపలే ఉండిపోతుంది. ప్రోటాన్ల దారి ఇరుకవుతుంది. పొర చూపుకు బాగానే ఉంటుంది, కరెంటు దగ్గర మాత్రం తేలిపోతుంది.

ఈ పని నాకు నేర్పింది ఒకటే. ఆరబెట్టడమంటే తయారీ అయ్యాక చేసే చివరి పని కాదు, అదే తయారీ. పలక సమంగా లేకపోతే ఒక అంచు మందం, ఒక అంచు పల్చన. మూత ఎంత తెరిచాం, పొయ్యి ఎంత వేడిలో ఉంది, ఎన్ని గంటలు ఉంచాం, ఇవన్నీ పొరలో మిగిలిపోతాయి.

1930ల చివర మొదలైన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. మా తాత పాకం చూసే తీరు ఎవరూ రాసిపెట్టలేదు, ఆయనతోనే పోయింది. డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ చదివే పిల్లలకు నా మనవి ఇదే. మీరు పొర పోసిన ప్రతిసారీ ‘ఆరబెట్టాం’ అని ఒక్క మాటతో సరిపెట్టకండి. ఏ సాల్వెంట్, ఎంత వేడి, ఎంతసేపు, ఆ రోజు గాలిలో తేమ ఎంత, అన్నీ నోటుబుక్కులో రాయండి. మీ తర్వాత వచ్చేవాళ్లు మీరు ఆగిన చోటి నుంచి మొదలుపెడతారు.