మేకుకు చుట్టిన రాగితీగ

విలియం కంక్వాంబా కథ పుస్తకంగానో సినిమాగానో చాలామందికి తెలుసు. ఆఫ్రికాలోని మలావీ దేశం, కసుంగు జిల్లాలో ఒక పల్లె. 2001–02 కరువు. ఫీజు కట్టలేక హైస్కూలు మానేసిన పద్నాలుగేళ్ల కుర్రాడికి ఊరి లైబ్రరీలో ‘యూజింగ్ ఎనర్జీ’ అనే పుస్తకం దొరికింది. ఇంగ్లీషు సరిగా రాదు, బొమ్మలు చూసి అర్థం చేసుకున్నాడు. పొద్దు గూకితే కిరోసిన్ పొగ, లేకపోతే చీకటి అన్నట్టున్న ఇంటికి గాలిమరతో కరెంటు తెచ్చాడు. సినిమాలో ఆ మర నీళ్లు తోడుతుంది. నిజంగా మొదట అది చేసింది బల్బు వెలిగించడమే. నాకు అదే పెద్ద సంగతి.

ఆ మరను ముక్క ముక్కగా విప్పి చూడాలి. రెక్కలకు పీవీసీ పైపును నిలువునా చీల్చి, మంట సెగకు మెత్తబరిచి, పలకలా సాపు చేశాడు. వంగిపోకుండా వెదురు దన్ను పెట్టాడు. బెజ్జాలు వేయడానికి డ్రిల్లు లేదు. మొక్కజొన్న కండెను పిడిగా చేసి మేకు దిగ్గొట్టి, ఆ మేకును నిప్పుల్లో ఎర్రగా కాల్చి ప్లాస్టిక్‌లోకి దించాడు. వాషర్లకు తాగి పారేసిన సీసాల మూతలు ఏరుకొచ్చాడు. వాషరు లేకుండా నట్టు బిగిస్తే ప్లాస్టిక్ చిట్లుతుంది. ఆ సంగతి చేత్తో పని చేసేవాడికే తడుతుంది.

రెక్కల్ని పాత ట్రాక్టరు ఫ్యానుకు బిగించాడు. షాక్ అబ్జార్బర్ కడ్డీ ఇరుసయింది. ఇక సైకిలు. రెక్కలు తిరిగితే పెడల్ దగ్గరి పెద్ద పళ్లచక్రం తిరుగుతుంది. గొలుసు ఆ తిప్పుడును వెనక ఉన్న చిన్న పళ్లచక్రానికి అందిస్తుంది, అక్కడ వేగం ఒకసారి పెరుగుతుంది. వెనక చక్రం అంచుకు డైనమో ఆని ఉంటుంది. అంత పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి డైనమో తలకాయ ఎన్నో చుట్లు తిరుగుతుంది, అక్కడ ఇంకోసారి. నెమ్మదిగా వీచే గాలికి ఇలా రెండు మెట్లలో వేగం నేర్పాడు. డైనమో లైటు సైకిలు తొక్కినవాళ్లకు ఆ గుర్రుమనే చప్పుడు ఇప్పుడు చెవిలో వినిపిస్తుంది.

జామాయిల్ గుంజలతో కట్టిన మొదటి గోపురం ఎత్తు 5 మీటర్లు. చెట్లు గాలికి అడ్డొస్తున్నాయని తర్వాత దాన్ని 12 మీటర్లకు లేపాడు. గొలుసు పదేపదే ఊడుతుంటే తీసేసి బెల్టు వేశాడు.

నన్ను అన్నిటికన్నా కదిలించేది మాత్రం ఇంట్లో గోడకున్న చిన్న పెట్టె. పైన గడ్డికప్పు, కింద సొంతంగా లాగిన వైర్లు. రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే ఇల్లు పరశురామ ప్రీతే. ఒక పుస్తకంలో కాలింగ్ బెల్ పనిచేసే తీరు చూసి, రెండు మేకులకు రాగితీగ చుట్టి, వాటి నడుమ అయస్కాంతం ముక్క వేలాడదీశాడు. కరెంటు హద్దు మీరిందంటే తీగ చుట్టిన మేకు అయస్కాంతమై ఆ ముక్కను కదిలిస్తుంది, దారి తెగిపోతుంది. సర్క్యూట్ బ్రేకర్ అంటే అదే. వెలుగు వచ్చింది కదా అని అక్కడితో ఆగలేదు. ఆ కప్పు కింద అమ్మానాన్నలూ అక్కచెల్లెళ్లూ పడుకుంటారు.