గంటం ఎవరిది?

అమ్మమ్మకి వాళ్ళమ్మ ఇచ్చిన పెట్టె రామంతాపూర్‌లో మా ఇంటికి చేరింది. అందులోని మొనదేలిన ఇనుప పుల్లని పూలజడ కుట్టే సూది అనుకున్నాం. తార్నాక దగ్గర ఉస్మానియా ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో అడిగితే గంటం అన్నారు, తాటాకు మీద రాసేది. ఇంట్లో వెంటనే, ‘‘అయితే ముత్తాతదే!’’ అన్నారు. సూదిగా ఉన్నన్నాళ్ళూ ఆడవాళ్ళది. కలమని తేలగానే మగవాళ్ళదైపోయింది.

సాహిత్య చరిత్ర చేసిందీ ఇదే. ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ అచ్చువేసినవాళ్ళు ఆమె తన గురించి చెప్పుకున్న పీఠికనే వదిలేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి 1910లో పూర్తి పాఠం ప్రచురించింది. దానిమీద వచ్చిన నిషేధం 1947లో గానీ తొలగలేదు.

మా గంటం పట్టిన చెయ్యి ఎవరిదో రుజువు లేదు. ముత్తాతదనడానికీ లేదు. పెట్టె మాత్రం ఆడవాళ్ళదే.